పాత డీటీపీ కంప్యూటర్: ముందు ర్యామ్ పెంచాలా, హార్డ్ డిస్క్ మార్చాలా?

శుభలేఖ_డీటీపీ అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. పశ్చిమ గోదావరి జిల్లాలోని ఒక చిన్న పట్టణంలో మాకు డీటీపీ సెంటర్ ఉంది. శుభలేఖలు, కరపత్రాలు, ఫ్లెక్సీ డిజైన్లు చేస్తుంటాము. 2012లో అసెంబుల్ చేయించిన డెస్క్‌టాప్ మీదే ఇప్పటికీ పని నడుస్తోంది. దానిలో ఐ3-2120 ప్రాసెసర్, హెచ్61 చిప్‌సెట్ ఉన్న మదర్‌బోర్డ్, 2 జీబీ డీడీఆర్3 ర్యామ్‌లు రెండు, 7200 ఆర్‌పీఎం వేగంతో తిరిగే 500 జీబీ హార్డ్ డిస్క్ ఉన్నాయి. ఓఎస్ 32 బిట్ విండోస్ 7. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7, తెలుగు అక్షరాల అను ఫాంట్లు, ఫోటోషాప్ సీఎస్3 రోజూ వాడతాము. తెలుగు కీబోర్డు ప్రోగ్రాంకు యూఎస్‌బీ లాక్ (తగిలించి ఉంటేనే ప్రోగ్రాం పనిచేసే చిన్న పరికరం) ఉంది. ప్రింటర్ కెనాన్ ఎల్‌బీపీ 2900.

పొద్దున స్విచ్ వేసి, కొట్టు ఊడ్చి, అగరొత్తులు వెలిగించి వచ్చినా పేజ్‌మేకర్ తెరుచుకోవడానికి ఇంకా ఎదురుచూడవలసి వస్తోంది. కస్టమర్ పెన్‌డ్రైవ్ పెట్టగానే యాంటీవైరస్ మొదలై, ఆ కాసేపూ మౌస్ కూడా కదలదు. పెద్ద ఫ్లెక్సీ ఫైలు సేవ్ చేయాలంటే పక్కన మరో పని పెట్టుకోవలసిందే. సలహా కోసం మూడు షాపులలో అడిగితే ముగ్గురూ మూడు రకాలుగా చెప్పారు. ఒకరు 8 జీబీ ర్యామ్‌లు రెండు వేసి 16 జీబీ చేస్తే చాలన్నారు. ఇంకొకరు మదర్‌బోర్డులో కార్డు పెట్టి దాని మీద ఎం.2 ఎన్‌వీఎంఈ డ్రైవ్ (చిప్‌లతో పనిచేసే, చాలా వేగమైన కొత్త రకం డ్రైవ్) వేస్తామన్నారు. మూడవవారు ఇది పాత సామానువాడికి ఇచ్చేయవలసిన సరుకని తేల్చేశారు. ఖర్చు ఒకేసారి పెట్టుకోలేను కనుక ముందు ఏది చేయించాలో, పేజ్‌మేకర్‌కూ ఫాంట్లకూ ఇబ్బంది రాకుండా అది ఎలా జరుగుతుందో తెలిసినవారు చెప్పగలరని కోరుతున్నాను.

పాతబోర్డులు ఇచ్చిన జవాబు:

మీరు ముందుగా కొనవలసినది 2.5 అంగుళాల మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ, అంటే హార్డ్ డిస్క్‌కు వాడే సాటా కేబుల్‌కే తగిలే, చిప్‌లలో సమాచారం దాచే డ్రైవ్. ఆ ముగ్గురూ దాని మాట ఎత్తకపోవడం నాకు వింతగానే ఉంది.

మీ హార్డ్ డిస్క్‌లోని పళ్లెం నిమిషానికి 7200 సార్లు, అంటే ఒక చుట్టు 8.3 మిల్లీసెకన్లలో తిరుగుతుంది. కావలసిన సమాచారం చదివే ముల్లు కిందికి రావడానికి సగటున అర చుట్టు, అనగా 4 మిల్లీసెకన్లకు పైగా పడుతుంది. ముల్లు ఆ వరుస దగ్గరకు జరగడానికి మరో తొమ్మిది మిల్లీసెకన్ల వరకు కావాలి. రెండూ కలిపితే సెకనుకు డెబ్బై, ఎనభై చోట్ల నుంచి మించి చదవలేదు. విండోస్ మొదలయ్యేటప్పుడు గానీ, ఫాంట్లు లోడయ్యేటప్పుడు గానీ, యాంటీవైరస్ ఫైళ్లు వెతికేటప్పుడు గానీ జరిగేది వరుసగా చదవడం కాదు, వేల చిన్న ఫైళ్లను డిస్క్ నలుమూలల నుంచి ఏరుకోవడం. ఎస్‌ఎస్‌డీలో తిరిగేదీ జరిగేదీ ఏమీ ఉండదు కనుక అదే పనిని అది సెకనుకు వేల సంఖ్యలో చేస్తుంది. మౌస్ కూడా కదలకపోవడానికి మీ ప్రాసెసర్‌ను తప్పుపట్టనక్కరలేదు. అది చాలాసేపు డిస్క్ కోసం ఎదురుచూస్తూ ఖాళీగానే ఉంటుంది.

నా మాట మీద కొనకండి, ముందు మీరే చూసుకోండి. విండోస్ 7లో రిసోర్స్ మానిటర్ తెరిచి, కంప్యూటర్ మొరాయిస్తున్న సమయంలో డిస్క్ ట్యాబ్‌లో యాక్టివ్ టైమ్ ఎంతుందో, మెమరీ ట్యాబ్‌లో హార్డ్ ఫాల్ట్స్ (కావలసినది ర్యామ్‌లో లేక డిస్క్ నుంచి తేవలసివచ్చిన సందర్భాలు) ఎన్ని వస్తున్నాయో గమనించండి. డిస్క్ నూరు శాతం దగ్గరే నిలబడిపోయి, హార్డ్ ఫాల్ట్స్ తక్కువగా ఉంటే డిస్క్ మార్చడమే మందు. హార్డ్ ఫాల్ట్స్ గ్రాఫ్ కూడా ఎగబాకుతూ ఉంటే ర్యామ్ చాలక విండోస్ దానికి బదులు డిస్క్ మీద ఉండే పేజ్ ఫైలును వాడుకుంటోందని అర్థం. అప్పుడు రెండూ కావాలి. శుభలేఖలు చేస్తున్నప్పుడు మొదటిదీ, ఫ్లెక్సీలు చేస్తున్నప్పుడు రెండవదీ మీకు కనిపించవచ్చునని నా అంచనా.

హెచ్61 చిప్‌సెట్‌లో సాటా వేగం సెకనుకు 3 గిగాబిట్లే. కాబట్టి 550 మెగాబైట్లు చదువుతుందని పెట్టె మీద రాసి ఉన్న ఎస్‌ఎస్‌డీ కూడా మీ బోర్డు మీద 270, 280 దాటదు. దానికి బాధపడనక్కరలేదు. మీకు కావలసింది చిన్న ఫైళ్ల వేగం, అది ఈ పరిమితిలో కూడా చక్కగా అందుతుంది. ఎన్‌వీఎంఈ కార్డు సలహాను మాత్రం పక్కన పెట్టండి. ఆ కాలపు హెచ్61 బోర్డుల బయోస్‌కు (స్విచ్ వేయగానే కంప్యూటర్‌ను లేపే ప్రోగ్రాంకు) ఎన్‌వీఎంఈ అంటే ఏమిటో తెలియదు కనుక దాని నుంచి విండోస్ బూట్ కాదు, పైగా విండోస్ 7కు విడిగా డ్రైవర్ ప్యాచ్ వేయాలి.

ఇక ర్యామ్. మీ విండోస్ 32 బిట్ కాబట్టి దానికి కనిపించే చిరునామాల మొత్తం 4 జీబీ. అందులో గ్రాఫిక్స్‌కూ ఇతర పరికరాలకూ పోగా ఇప్పుడున్న 4 జీబీలోనే మీరు వాడుకోగలిగింది మూడు, మూడున్నర జీబీ. ఈ ఓఎస్ మీద 16 జీబీ వేయించినా ఆ అంకె మారదు. ర్యామ్ పెంచాలంటే ముందు 64 బిట్ విండోస్‌కు మారాలి, 32 నుంచి 64కు అప్‌గ్రేడ్ దారి లేదు, కొత్తగా ఇన్‌స్టాల్ చేయవలసిందే. 16 జీబీ వేయించమన్న షాపువారు ఈ సంగతి అడిగారో లేదో మీరు రాయలేదు.

64 బిట్‌కు మారిన తరువాత ఎంత ర్యామ్ కావాలో మీ ఫ్లెక్సీ లెక్కే చెబుతుంది. 20 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు ఉన్న ఫ్లెక్సీని అసలు కొలతతో అంగుళానికి 72 పిక్సెళ్ల చొప్పున తెరిస్తే 17,280 ఇంటూ 8,640, అంటే దాదాపు 15 కోట్ల పిక్సెళ్లు. అచ్చుకు వాడే నాలుగు రంగుల సీఎంవైకేలో పిక్సెల్‌కు 4 బైట్లు కనుక నిండుగా ఉన్న ఒక్క లేయరే దాదాపు 60 కోట్ల బైట్లు తింటుంది. నేపథ్యం ఒకటి, నాయకుల ఫోటోలు నాలుగు, వాటి మీద మెరుపులు, దానికి తోడు వెనక్కి వెళ్లడానికి ఫోటోషాప్ దాచుకునే హిస్టరీ: ఇవన్నీ కలిసినప్పుడు మూడు జీబీ ఏ మూలకూ చాలదు, మిగిలినదంతా స్క్రాచ్ ఫైలుగా డిస్క్ మీదకు పోతుంది. సీఎస్3 32 బిట్ ప్రోగ్రామే అయినా 64 బిట్ విండోస్ మీద దానికి ఇప్పటికంటే ఎక్కువ చోటు దొరుకుతుంది. మీకు 8 జీబీ సరిపోతుంది. పేజ్‌మేకర్ 2001 నాటి సరుకు, మీ దగ్గర ఉన్న ర్యామ్‌లో చిన్న మూల కూడా దానికి ఎక్కువే. 16 జీబీకి డబ్బు పెట్టకండి.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. హెచ్61 బోర్డులో ర్యామ్ స్లాట్లు రెండే. అవి రెండూ నిండి ఉన్నాయి కనుక మీరు చేసేది చేర్చడం కాదు, మార్చడం. 4 జీబీ డీడీఆర్3 ర్యామ్‌లు రెండు, వీలైతే ఒకే కంపెనీవి, ఒకే రకానివి తీసుకోండి. ర్యామ్‌కూ ప్రాసెసర్‌కూ మధ్య ఉన్న రెండు దారులూ (చానెళ్లూ) పనిచేస్తాయి, గ్రాఫిక్స్ కూడా ఆ ర్యామ్‌నే పంచుకుంటుంది కనుక కొంత లాభం. 1600 వేగం రాసి ఉన్నవి దొరికినా ఫరవాలేదు, మీ ప్రాసెసర్ వాటిని 1333 వద్ద నడుపుతుంది. చౌకగా దొరికే డీడీఆర్3 ర్యామ్‌లలో ఏఎండీ బోర్డులకు మాత్రమే పనికివచ్చే రకం ఒకటి ఉంది. అది ఇంటెల్ బోర్డులో వేస్తే తెర కూడా రాదు. 4 జీబీవైనా ఇంటెల్ బోర్డుకు పనికివస్తాయో లేదో అడిగి తీసుకోండి.

సెకండ్‌హ్యాండ్_డెస్క్‌టాప్ ఇచ్చిన జవాబు:

పై జవాబులోని సాంకేతిక విషయాలతో నాకు పేచీ లేదు గానీ, ఇంత పాత బోర్డు మీద డబ్బు పెట్టమనడంతో ఏకీభవించలేకపోతున్నాను. విండోస్ 7కు భద్రతా అప్‌డేట్లు 2020 జనవరి 14తో ఆగిపోయాయి. క్రోమ్ 109 తరువాతి వెర్షన్లు దాని మీద నడవవు. విండోస్ 10కు మారదామంటే దాని మామూలు సపోర్ట్ కూడా 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కు మైక్రోసాఫ్ట్ అధికారికంగా ఒప్పుకొనేది ఇంటెల్‌లో దాదాపు ఎనిమిదవ తరం నుంచే, దానికి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కూడా ఉండాలి. ఐ3-2120 రెండవ తరం ప్రాసెసర్. కస్టమర్ల ఫైళ్లు ఈమెయిల్‌లోనూ వాట్సాప్ వెబ్‌లోనూ దింపుకొనే కంప్యూటర్ ఇలా ఉండడం మంచిది కాదు.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి చోట్ల ఆఫీసుల నుంచి వచ్చిన ఎనిమిదవ తరం ఐ5 డెస్క్‌టాప్‌లు రీఫర్బిష్ చేసినవి దొరుకుతాయి. ఇక్కడ ర్యామ్‌కూ ఎస్‌ఎస్‌డీకీ పెట్టే డబ్బుకు మరికొంత కలిపి అలాంటిది తీసుకుంటే ఇంకొన్నేళ్లు చూసుకోనక్కరలేదు. వారంటీ ఎన్ని నెలలో బిల్లు మీద రాయించుకోండి.

పాతబోర్డులు మళ్లీ రాసినది:

ఇంటర్నెట్ గురించి మీరన్నది నిజమే, అది నేను వదిలేసిన విషయం కనుక ఒప్పుకుంటున్నాను. డబ్బు విషయంలో మాత్రం ర్యామ్‌నూ ఎస్‌ఎస్‌డీనీ ఒకే గాటన కట్టకూడదు. ఇప్పుడు కొనే సాటా ఎస్‌ఎస్‌డీ రేపు వారు ఎనిమిదవ తరం డెస్క్‌టాప్ కొన్నా దానిలోకి మారిపోతుంది, అక్కడ 6 గిగాబిట్ల సాటా ఉంటుంది కనుక పూర్తి వేగం కూడా ఇస్తుంది. డీడీఆర్3 ర్యామ్ మాత్రం అలా రాదు. ఆ బోర్డులలో ఉండేది డీడీఆర్4, గాడి ఉన్న చోటు వేరు, పిన్నులు 240కి బదులు 288, వోల్టేజీ వేరు. అందువల్లనే ముందు ఎస్‌ఎస్‌డీ అన్నాను. ర్యామ్ కొనేది వారు ఈ బోర్డునే మరో రెండేళ్లు లాగదలిస్తేనే, అది కూడా ఎవరైనా కంప్యూటర్ మార్చి తీసేసిన పాత ర్యామ్ దొరికితే మేలు.

అక్షరకూర్పు ఇచ్చిన జవాబు:

శుభలేఖ_డీటీపీ గారూ, నేనూ మీ వృత్తిలోనే ఉన్నాను కనుక హార్డ్‌వేర్ కంటే ఎక్కువగా మీకు అవసరమయ్యే సంగతులు రాస్తాను. మనలో చాలామంది పాత కంప్యూటర్‌ను పట్టుకుని వేలాడేది పిసినారితనంతో కాదు. యూనికోడ్ (నేటి ప్రామాణిక అక్షర సంకేతాలు) రాని పేజ్‌మేకర్‌లో, యూనికోడ్ కాని ఫాంట్లతో చేసిన పెళ్లిపత్రికల ఫైళ్లు ఇన్నేళ్లవి పోగుపడి ఉంటాయి, పాత కస్టమర్ వచ్చి పెద్దమ్మాయి పెళ్లికి చేసిన మోడలే కావాలంటే అవి తెరుచుకోవాలి.

64 బిట్ విండోస్ 7 మీద పేజ్‌మేకర్ 7 నడుస్తుంది, నా దగ్గర నడుస్తోంది. నడవనివి 16 బిట్ ప్రోగ్రాంలు. చాలా పాత ఫాంట్ సీడీలలో, క్లిప్ ఆర్ట్ సీడీలలో సెటప్ ఫైలు 16 బిట్‌ది ఉంటే అది తెరుచుకోనే తెరుచుకోదు. ఫాంట్ల వరకైతే సెటప్ లేకున్నా ఫైళ్లను ఫాంట్స్ ఫోల్డర్‌లోకి కాపీ చేస్తే పని జరుగుతుంది. మీరు అసలు భయపడవలసింది యూఎస్‌బీ లాక్ గురించి. 32 బిట్ డ్రైవర్ 64 బిట్ విండోస్‌లో పనిచేయదు, కాబట్టి మీ లాక్‌కు 64 బిట్ డ్రైవర్ ఉందో లేదో మీకు అమ్మినవారిని అడిగి, అది చేతికి వచ్చాకే ఓఎస్ మార్చండి. ఎల్‌బీపీ 2900కు 64 బిట్ డ్రైవర్ దొరుకుతుంది.

పేజ్‌మేకర్ ప్రతి ఫైలునూ ఒక ప్రింటర్‌ను దృష్టిలో పెట్టుకుని కూర్చుతుంది. కొత్త విండోస్‌లో ప్రింటర్ డ్రైవర్ వేయకుండానే పాత ఫైలు తెరిచి సేవ్ చేస్తే లైన్లు జరిగే ప్రమాదం ఉంది, అందుచేత డ్రైవర్ ముందు, ఫైలు తరువాత. ఇంకొకటి, ఫైలులో పెట్టిన బొమ్మల చిరునామా డ్రైవ్ అక్షరంతో సహా దానికి గుర్తుంటుంది. మీ బొమ్మలన్నీ ఇప్పుడు ఇ డ్రైవ్‌లో ఉంటే, మార్పు తరువాత కూడా ఆ భాగానికి ఇ అనే అక్షరమే వచ్చేలా డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సరిచేసుకోండి. లేకపోతే ప్రతి ఫైలూ వినాయకుడి బొమ్మ ఎక్కడని అడుగుతుంది.

నేను చేసిన పద్ధతిలో వెనక్కి రావడానికి దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ముందు బయోస్‌లో సాటా మోడ్ (బోర్డు డిస్క్‌తో మాట్లాడే పద్ధతి) పాతదైన ఐడీఈలో ఉందో కొత్తదైన ఏహెచ్‌సీఐలో ఉందో రాసి పెట్టుకోండి. ఆ కాలపు బోర్డులు చాలావాటిలో ఐడీఈ ఉండేది. పాత హార్డ్ డిస్క్ కేబుల్ పూర్తిగా పీకేసి, ఎస్‌ఎస్‌డీ ఒక్కటే తగిలించి, మోడ్ ఏహెచ్‌సీఐకి మార్చి, 64 బిట్ విండోస్ వేయండి. పాత డిస్క్ తగిలించి ఉంచితే ఇన్‌స్టాలర్ బూట్ ఫైళ్లను దాని మీద పెట్టేసే అవకాశం ఉంది, అప్పుడు ఆ డిస్క్ తీసిన నాడు కొత్త విండోస్ కూడా లేవదు. లాక్, ఫాంట్లు, ప్రింటర్, పేజ్‌మేకర్ అన్నీ పనిచేస్తున్నాయని తేలిన తరువాతనే పాత డిస్క్‌ను రెండవ డ్రైవ్‌గా తగిలించండి. ఏదైనా మొండికేస్తే ఎస్‌ఎస్‌డీ తీసి, బయోస్‌ను మునుపటి మోడ్‌కు తెచ్చి, పాత డిస్క్‌తోనే ఆ రోజు పని నడుపుకోవచ్చు. మోడ్ తిప్పకుండా పాత విండోస్‌ను లేపితే నీలి తెర వస్తుంది, అంతమాత్రాన డిస్క్ పోయిందని కంగారు పడకండి.

లాక్‌కు 64 బిట్ డ్రైవర్ లేదని తేలితే మాత్రం డిస్క్‌ను ఉన్నదున్నట్టు నకలు తీసే క్లోన్‌జిల్లా ప్రోగ్రాంతో ఇప్పటి 32 బిట్ విండోస్‌నే ఎస్‌ఎస్‌డీలోకి క్లోన్ చేసుకోండి. క్లోన్‌జిల్లా మామూలుగా చిన్న డిస్క్‌లోకి ఒప్పుకోదు, కనుక 500 జీబీకి బదులు అంతే లేదా అంతకంటే పెద్ద ఎస్‌ఎస్‌డీ కొనాలి. కొన్నిచోట్ల 480 జీబీవే ఎక్కువగా అమ్ముతారు, అది చూసుకోండి. ర్యామ్ పెరగకపోయినా ఆ ఒక్క మార్పుతోనే పొద్దుటి నిరీక్షణ తగ్గుతుంది.

ల్యాప్‌టాప్_సందేహం అడిగినది:

మధ్యలో వచ్చినందుకు క్షమించండి. నాది నాలుగవ తరం ఐ3 ల్యాప్‌టాప్, దానికి కూడా ఇదే డీడీఆర్3 పనికివస్తుందా? డీవీడీ డ్రైవ్ తీసి ఎస్‌ఎస్‌డీ పెట్టవచ్చని విన్నాను.

పాతబోర్డులు ఇచ్చిన జవాబు:

ఆ తరం ల్యాప్‌టాప్ ప్రాసెసర్లకు 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్ కావాలి, పైగా అది 204 పిన్నుల చిన్న ర్యామ్. 1.5 వోల్టుల పాతది వేస్తే చాలావరకు లేవదు. డీవీడీ డ్రైవ్ చోట పెట్టే క్యాడీలు 9.5, 12.7 మిల్లీమీటర్ల మందంలో దొరుకుతాయి, మీ డీవీడీ డ్రైవ్‌ను బయటికి తీసి కొలిచాక కొనండి. ఎస్‌ఎస్‌డీని హార్డ్ డిస్క్ ఉన్న అసలు చోటులో పెట్టి, హార్డ్ డిస్క్‌ను క్యాడీలోకి పంపడం మేలు, కొన్ని మోడళ్లలో డీవీడీ వైపు సాటా వేగం తక్కువ. మిగతా వివరాలు కావాలంటే మోడల్ నంబరుతో విడిగా అడగండి, ఇక్కడ వారి ప్రశ్న పక్కకు పోతుంది.

శుభలేఖ_డీటీపీ మళ్లీ రాసినది:

అందరికీ కృతజ్ఞతలు. రిసోర్స్ మానిటర్ చూశాను. పేజ్‌మేకర్ తెరిచేటప్పుడు డిస్క్ నూరు శాతం దగ్గరే ఉంది, హార్డ్ ఫాల్ట్స్ పెద్దగా లేవు. ఫ్లెక్సీ ఫైలు తెరిస్తే రెండూ పెరిగాయి. లాక్ అమ్మినవారు 64 బిట్ డ్రైవర్ పంపిస్తామన్నారు. కాబట్టి ఇప్పటికి ఎస్‌ఎస్‌డీ, తరువాత వీలునుబట్టి ర్యామ్ అనుకుంటున్నాను. ఇంటర్నెట్ పనులకు ఇంట్లో ఉన్న మా అబ్బాయి ల్యాప్‌టాప్ కొట్టుకు తెస్తాను.

ఒక్క సందేహం మిగిలింది. ఎవరో చెబితే డిస్క్ ఆరోగ్యం చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో ప్రోగ్రాం కూడా నడిపి చూశాను. పాత డిస్క్‌కు పసుపు రంగులో హెచ్చరిక చూపిస్తోంది. కరెంట్ పెండింగ్ సెక్టార్ కౌంట్ అనే వరుసలో సున్నా కాకుండా వేరే అంకె ఉంది. దీన్ని ఇంకా రెండవ డ్రైవ్‌గా వాడవచ్చా? షాపువారు చెక్‌డిస్క్ (విండోస్‌లో డిస్క్ తప్పులు వెతికే ప్రోగ్రాం) నడిపితే సరిపోతుందన్నారు.

అక్షరకూర్పు ఇచ్చిన జవాబు:

చెక్‌డిస్క్ ఇప్పుడు నడపవద్దు. పెండింగ్ సెక్టార్ అంటే డిస్క్ చదవలేక పక్కన పెట్టిన చోటు. మీ నెమ్మదికి అదీ ఒక కారణమై ఉండవచ్చు, అలాంటి చోటు తగిలినప్పుడల్లా డిస్క్ మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తూ నిలిచిపోతుంది. నీరసించిన డిస్క్ మీద చెక్‌డిస్క్ పూర్తి స్కాన్ పెడితే గంటల తరబడి దాన్ని ఇంకా అలసిపోయేలా చేయడమే. డీఫ్రాగ్ కూడా అంతే.

ఎస్‌ఎస్‌డీ కొనే దాకా ఆగకుండా ఈ రోజే ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ తెచ్చి, ముందు పేజ్‌మేకర్ ఫైళ్లు, తరువాత వాటి బొమ్మలు, ఆపై ఫాంట్లు, చివర ఫోటోషాప్ ఫైళ్లు ఈ వరుసలో కాపీ చేసుకోండి. ఏదైనా ఫోల్డర్ దగ్గర కాపీ ఆగిపోతే దానితో కుస్తీ పట్టకుండా వదిలి ముందుకు వెళ్లి, మిగతాదంతా అయ్యాక దాని దగ్గరకు తిరిగి రండి. ఆ డిస్క్‌ను రెండవ డ్రైవ్‌గా నమ్ముకోవద్దు. ఎక్స్‌టర్నల్ డిస్క్‌ను మాత్రం పని పూర్తయ్యాక కూడా ఉంచుకుని ప్రతి సాయంత్రం ఆ రోజు ఫైళ్లు దానిలోకి తీసుకోండి. హార్డ్ డిస్క్ చాలాసార్లు ఇలా పసుపు రంగుతోనో టిక్కుటిక్కు చప్పుడుతోనో ముందే చెబుతుంది, ఎస్‌ఎస్‌డీ ఒక్కోసారి ఏమీ చెప్పకుండానే పోతుంది, దానిలో చెరిపేసిన ఫైలును తిరిగి తీయడం కూడా దాదాపు కుదరదు.